దేవుణ్ణి నమ్మనివాళ్లు ముఖ్యమంత్రి కాగలరా?

కాగలరు. చట్టంలో ఏ అడ్డూ లేదు. అభ్యర్థికి ఏదో ఒక మతం ఉండాలని రాజ్యాంగం ఎక్కడా అడగదు. మూడో షెడ్యూలులోని ప్రమాణంలోనే రెండు దారులున్నాయి: ‘దైవసాక్షిగా’ అనవచ్చు, లేదా దేవుడి మాట ఎత్తకుండా ‘ఆత్మసాక్షిగా’ అనవచ్చు. రెండింటికీ విలువ ఒకటే. రాష్ట్రపతి ప్రమాణానికీ ఇదే వెసులుబాటు ఉంది.

ఇది కాగితం మీది మాటే కాదు. నాస్తికుడినని బాహాటంగా చెప్పుకున్న కరుణానిధి 1969 నుంచి మొత్తం ఐదుసార్లు తమిళనాడు ముఖ్యమంత్రి అయ్యారు. ఊరూరా గుడి ఉన్న రాష్ట్రం అది! అంతకుముందు నెహ్రూ కూడా పూజలకు దూరంగా ఉంటూనే దాదాపు పదిహేడేళ్లు ప్రధానిగా ఉన్నారు.

హైదరాబాద్‌లో అసలు టెన్షన్ వేరే చోట. బోనాలకు ఉజ్జయిని మహంకాళికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పించాలి, వినాయక మండపాలకు వెళ్లాలి, రంజాన్‌కు ఇఫ్తార్ విందు ఇవ్వాలి. వీటికి రానని చెప్పే నాయకుడిని జనం అహంకారి అనుకునే ప్రమాదముంది. నా ఉద్దేశంలో, పండక్కి వచ్చి పలకరిస్తూనే ‘నాకు నమ్మకం లేదు, మీ నమ్మకం మీద గౌరవం ఉంది’ అని నిజాయితీగా చెప్పే మనిషిని మనవాళ్లు గెలిపిస్తారు. ఓటరు ముందు అడిగేది నల్లా నీళ్లు, రేషన్ కార్డు, పింఛను గురించే.