పాకాల అడవి అంచున చచ్చిన దుప్పి, దవడ కింద చీముగడ్డ: సమాధానం

అడవి అంచున దవడ కింద చీముగడ్డతో దుప్పి చచ్చి పడి ఉందని, మీ బర్రెలు అక్కడే మేస్తాయని, ఏం చేయాలని అడిగారు. మీరు చెప్పినట్టు ఎముకలు తేలేంతగా చిక్కిపోయి, దవడ కింద గడ్డ పగిలి చిక్కటి పసుపు చీము కారుతుంటే పశువుల క్షయను అనుమానించాలి. మెత్తగా నీరుబట్టిన వాపైతే అది ఎక్కువగా కాలేయపు జలగలదో, కడుపు పురుగులదో. అయితే చీముగడ్డలన్నీ క్షయ కావు, చూపుతో తేల్చలేం. సోకిన దుప్పుల్లో చాలావాటికి పైకి ఏ లక్షణమూ ఉండదు.

1. ముట్టుకోవద్దు, కోయొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కళేబరం ప్రభుత్వానిది.
2. దూరం నుంచే ఫొటో, లొకేషన్ తీసి అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు లేదా రేంజ్ ఆఫీసుకు పంపండి. కుక్కల్ని రానీయకండి.
3. అందరూ తప్పేది ఇక్కడే: వాసన వస్తోందని వెంటనే పూడ్చేస్తారు. ముందు పశువైద్యుడు శాంపిల్ తీయాలి. గొంతు వెనక లింఫు గ్రంథులు, ఊపిరితిత్తులు తప్పక చూడమనండి. ప్రతి ముక్కనూ రెండు భాగాలు చేయించండి: ఒకటి ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రావణం), రెండోది ఏమీ కలపకుండా ఐస్ మీద. మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే సూక్ష్మజీవి చచ్చిపోతుంది, కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షలో, ఇక పెరగదు. ఆ తర్వాతే లోతుగా పూడ్చడం.
4. మీ బర్రెలు అక్కడే మేస్తున్నాయన్నారు కదా, అటు తోలడం ఆపండి. పశువైద్యశాలలో ట్యుబర్క్యులిన్ పరీక్ష (క్షయ సోకిందేమో చూసే చర్మ పరీక్ష) అడగండి. సూది వేసిన 72 గంటలకు చర్మం మందం కొలుస్తారు, ఆ రోజు పశువు ఇంటి దగ్గరే ఉండాలి. డాక్టర్ దొరక్కపోతే పశువైద్య సేవల నంబర్ 1962కు ఫోన్ చేయండి.
5. క్షయ పాల ద్వారా మనుషులకూ సోకవచ్చు, అందుకే పాలు పొంగేదాకా కాచకుండా పిల్లలకు పోయకండి.