రిఫండ్ రెండుసార్లు పడితే ఆ డబ్బు ఎవరిది?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న వాషింగ్ మెషీన్ పనిచేయక వెనక్కి పంపాను. రిఫండ్ ఆలస్యమైందని క్రెడిట్ కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) వేశాను. ఇప్పుడు అమ్మినవాళ్లూ, బ్యాంకూ చెరో 18,400 రూపాయలు కార్డులో జమ చేశారు. నెల దాటినా ఎవరూ అడగలేదు. వాడుకోవచ్చా? – గుంటూరు పాఠకుడు

జవాబు: వద్దండి. ఆ రెండిట్లో ఒకటి మీది కాదు. పొరపాటున చేతికొచ్చిన సొమ్ము తిరిగి ఇచ్చేయాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. నాకు అంతకంటే ఎక్కువ భయం మీ బిల్లు గురించే.

డిస్ప్యూట్ మీద బ్యాంకు ఇచ్చే జమ చాలాసార్లు తాత్కాలికమే. రిఫండ్ ఇచ్చేశామని అమ్మినవాళ్లు రుజువు చూపిస్తే బ్యాంకు దాన్ని వెనక్కి తీసుకుంటుంది. ఏ నెలలో తీసుకుంటుందో మీ చేతిలో ఉండదు. పిల్లల ఫీజులు కట్టిన నెలలోనే బిల్లులో 18,400 అదనంగా కనబడితే? పూర్తిగా కట్టలేకపోతే వడ్డీ లేని గడువు పోతుంది. నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ, అదీ కొన్న తేదీ నుంచి, కొత్తగా కొన్నవాటికి కూడా పడుతుంది. అలా ఇరుక్కున్నవాళ్లను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈరోజే బ్యాంకుకు ఈమెయిల్ రాయండి. రెండు జమల తేదీలు, డిస్ప్యూట్ నంబరు ఇచ్చి, ఒకటి వెనక్కి తీసుకోమని అడగండి. ఫోన్‌లో చెప్పి వదిలేయకండి, రాతలో ఉండాలి. జమ ఉంది కదా అని మీ మామూలు బిల్లుకు డబ్బు పక్కన పెట్టడం మానొద్దు. ఆ కొనుగోలు బిల్లు మీరు ముందే కట్టేసి ఉండి, రిఫండ్ 5,000 రూపాయలు లేదా కార్డు పరిమితిలో 1 శాతం, ఏది తక్కువైతే అది దాటితే, దాన్ని కార్డులో సర్దుకునే ముందు బ్యాంకు మీ అనుమతి అడగాలన్నది ఆర్‌బీఐ నిబంధన. అలాంటి మెసేజ్ వస్తే చూడకుండా 'సరే' నొక్కేయకండి. మీరు ఒప్పుకోకపోతే ఆ సొమ్ము మీ సేవింగ్స్ ఖాతాకు రావచ్చు. వచ్చినా కదపొద్దు.

ఈలోగా ఎవరైనా ఫోన్ చేసి, "పొరపాటున పడింది, ఈ నంబరుకు యూపీఐ చేయండి" అంటే చేయకండి. మోసగాళ్లు అడిగేది సరిగ్గా ఇలాగే. కార్డులో పడింది కార్డులోంచే వెనక్కి పోవాలి.

డెబిట్ పడ్డాక అది 18,400 మాత్రమేనా, వడ్డీ, లేట్ ఫీజు ఏమైనా కలిపారా చూసుకోండి. కలిపితే ఆ ఈమెయిల్ చూపించి తీసేయమనండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు ఫోన్ 14448.