ఒక నాయకుడి జోకు పార్టీ మొత్తానికి ఎందుకు చుట్టుకుంటుంది?

జోకు నాయకుడిదే అయినా జనం దాన్ని పార్టీ మనసులోని మాటగానే తీసుకుంటారు. 2014 జనవరిలో ఢిల్లీలో కాంగ్రెస్ సమావేశం జరుగుతున్నప్పుడు ఆ పార్టీ నేత మణిశంకర్ అయ్యర్, మోదీ ప్రధాని కాలేరని, కావాలంటే ఇక్కడ టీ ఇవ్వడానికి చోటు చూపిస్తామని ఎగతాళి చేశారు. ఆ మాట చెమటోడ్చి బతికేవాళ్లందరికీ తగిలింది. ఫిబ్రవరికల్లా బీజేపీ 'చాయ్ పే చర్చా' మొదలుపెట్టి టీ కొట్టునే ప్రచార వేదిక చేసుకుంది.

ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 44 సీట్లే వచ్చాయి. ఓటమికి వేరే పెద్ద కారణాలున్నాయి, నిజమే. కానీ 'వీళ్లకు పేదలంటే చులకన' అనేవాళ్లకు చేతికి ఆధారం దొరికింది. పార్టీ వెంటనే గట్టిగా ఖండించకపోతే, గడప గడపకూ తిరిగే కార్యకర్త ఆ జోకుకు సంజాయిషీ చెప్పుకోవాలి. నాకు బాధనిపించేది అక్కడే.