చలికాలంలో ఏది ముట్టుకున్నా చురుక్కుమంటుంటే ఏం చేయాలి?

అమెరికాలోని డెన్వర్‌కు వచ్చిన మొదటి చలికాలంలోనే తలుపు పిడి, కారు, చివరికి పాప చెయ్యి ముట్టుకున్నా షాక్ కొడుతోందని, ఇది ఒంట్లో ఏదైనా లోపమా అని, ఇందుకోసం ఆన్‌లైన్‌లో అమ్ముతున్న రబ్బరు కంకణాలు పనిచేస్తాయా అని మీరు అడిగారు. ఒంట్లో లోపమేమీ లేదు, ఇది రాపిడి వల్ల పుట్టే స్థిర విద్యుత్తు; ఆ కంకణాలు కొనకండి. నేనూ కృష్ణా జిల్లా నుంచి ఇదే ఊరికి వచ్చి ఇక్కడి చలికాలాలకు అలవాటుపడినవాణ్ణే కాబట్టి, మా ఇంట్లో పనికొచ్చిన ఉపాయాలను కారణాలతో సహా చెబుతాను.

నడిచేటప్పుడు చెప్పులకూ నేలకూ మధ్య, కుర్చీలోంచి లేచేటప్పుడు బట్టలకూ సీటుకూ మధ్య విద్యుదావేశం పుట్టడం బందరులోనూ జరుగుతుంది. అయితే అక్కడ ప్రతి వస్తువు మీదా కంటికి కనబడని తేమ పొర ఉంటుంది కాబట్టి, పుట్టిన ఆవేశం ఎప్పటికప్పుడు జారిపోతుంది. ఇక్కడ మైనస్ 10 డిగ్రీల చలిలో గాలి ఎంత తేమతో నిండి ఉన్నా ఘనపు మీటరుకు 2 గ్రాములకు కాస్త మించి నీటి ఆవిరి ఉండదు. అదే గాలి ఇంట్లోకి వచ్చి 21 డిగ్రీలకు వేడెక్కితే 18 గ్రాముల దాకా ఆవిరిని పట్టుకోగలదు, కానీ అందులో ఉన్నది మాత్రం ఆ రెండు గ్రాములే. అంటే హీటరు నడుస్తున్న గదిలో తేమ పన్నెండు, పదమూడు శాతానికి దిగజారవచ్చు. అలాంటి గదిలో నైలాన్ కార్పెట్ మీద నాలుగడుగులు వేస్తే ఒంటి మీద వేల వోల్టులు చేరతాయి. సుమారు 3,000 వోల్టుల లోపైతే మనకు తెలియను కూడా తెలియదు. అది దాటినప్పుడే వేలి కొసన చిటుక్కుమంటుంది. అన్ని వేల వోల్టులున్నా ప్రాణానికి ముప్పు లేకపోవడానికి కారణం, దేహం దాచుకోగల ఆవేశం అతి స్వల్పం కావడమే.

కంకణాల సంగతి ఇక్కడే తేలిపోతుంది. ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో మణికట్టుకు కట్టుకునే పట్టీకి ఒక తీగ ఉంటుంది, ఆ తీగ ఒక మెగాఓమ్ నిరోధకం (కరెంటును తగ్గించే చిన్న భాగం) గుండా ఎర్తింగ్‌కు కలిసి ఉంటుంది. ఆవేశం పోవడానికి అదే దారి. తీగ లేని కంకణానికి ఆ దారే లేదు, మరి ఆవేశం ఎక్కడికి పోతుంది?

అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది కారు దిగడం, దానికి మందు కూడా అన్నిటికంటే తేలిక. సీటులో కూర్చున్నంతసేపూ ఏమీ తెలియదు; లేచి ఒంటిని సీటు నుంచి వేరు చేసినప్పుడే వోల్టేజి ఒక్కసారిగా పెరుగుతుంది, మనం సరిగ్గా ఆ తరువాతే తలుపు వెయ్యడానికి చెయ్యి చాస్తాం. కాబట్టి ఇంకా సీటులో ఉండగానే తలుపు చట్రంలో రంగు వేయని ఇనుప భాగాన్ని, ఉదాహరణకు తలుపు గొళ్ళెం పడే కొక్కేన్ని, అరచేత్తో పట్టుకుని, రెండు కాళ్ళూ నేల మీద మోపి పూర్తిగా నిలబడేదాకా వదలకండి. ఆవేశం పుడుతున్నకొద్దీ కారులోకి పోతుంది, చురుకు అన్నదే ఉండదు. ముందే దిగిపోతే, తాళంచెవిని వేళ్ళ మధ్య గట్టిగా పట్టుకుని దాని కొసను ఇనుముకు తాకించండి. నిప్పురవ్వ తాళంచెవి కొస నుంచి ఎగురుతుంది, చర్మం మీద మాత్రం అది వెడల్పుగా పరుచుకోవడం వల్ల నొప్పి తెలియదు. తాళంచెవి పిడి ప్లాస్టిక్‌దైతే వేళ్ళు లోహపు భాగాన్ని తాకేలా పట్టుకోవాలి. ఇంట్లోనైతే లోహపు పిడికి ముందు గోడనో చెక్క తలుపునో ఒకసారి అరచేత్తో తాకితే, ఆవేశం మెల్లగా, నొప్పి లేకుండా దిగిపోతుంది.

బట్టల విషయంలో ఏది దేనితో రాసుకుంటోందన్నది ముఖ్యం. ఉన్ని, నైలాన్, పట్టు ఒక వైపుకు, పాలియెస్టర్ ఇంకో వైపుకు ఆవేశం పొందుతాయి కాబట్టి ఈ జంటలు కలిస్తే తంటా. సంక్రాంతి భోజనాలకు మా ఆవిడ కట్టుకున్న పట్టుచీర, లోపలి పాలియెస్టర్ లంగాతో కలిసి కాళ్ళకు అతుక్కుపోయి అడుగు తీయనిచ్చేది కాదు. నూలు లంగాకు మారాక ఆ గొడవ పోయింది. అప్పటికప్పుడైతే తడి చేతిని చీర లోపలి వైపు ఒకసారి నిమిరితే చాలు. ఇంట్లో రబ్బరు అడుగు చెప్పులు మానేసి నూలు మేజోళ్ళు వేసుకోవడం కూడా మాకు బాగా కలిసొచ్చింది.

గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ కొంటే తేమను కొలిచే చిన్న పరికరం కూడా కొనండి. ముప్పై నుంచి నలభై శాతం చాలు. బయట చలి ముదిరినప్పుడు అంతకు మించితే కిటికీ అద్దాల మీద నీరు చేరి బూజు పడుతుంది. ఉతికిన బట్టలను ఇంట్లోనే దండెం మీద ఆరేసినా గాలికి కొంత తేమ అందుతుంది, కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

పెట్రోలు పోసుకునేటప్పుడు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మన దగ్గర బంకులో మనిషి వచ్చి పోస్తాడు, ఇక్కడ మనమే పోసుకోవాలి. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి మిల్లీజౌల్‌లో సుమారు నాలుగో వంతు శక్తి చాలు, పదివేల వోల్టులతో ఉన్న ఒంటి నుంచి అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. నాజిల్ పెట్టి, చలికి తాళలేక కారులో కూర్చుని, మళ్ళీ దిగి నేరుగా నాజిల్ పట్టుకోవడమే అసలు ప్రమాదం. పోసినంతసేపూ బయటే ఉండండి; తప్పనిసరిగా కూర్చోవలసి వస్తే, దిగాక నాజిల్‌కు దూరంగా కారు ఇనుమును ముందు తాకండి. ఒకవేళ మంట లేస్తే నాజిల్‌ను బయటకు లాగకుండా దూరంగా వెళ్ళి, బంకు సిబ్బందికి చెప్పండి. ప్లాస్టిక్ డబ్బాలో పట్టేటప్పుడు దాన్ని కారులో కాక నేల మీద పెట్టి పట్టాలి.

ఇంకొక్క మాట. విజయవాడలో మీ అమ్మగారికి కూడా ఫ్రిజ్ ముట్టుకుంటే ఇలాగే అవుతోందని రాశారు, అది మాత్రం వేరే సంగతి. స్థిర విద్యుత్తు ఒక్కసారి చిటుక్కుమని ఆగిపోతుంది, వెంటనే మళ్ళీ తాకితే ఏమీ ఉండదు. తాకినంతసేపూ చెయ్యి జుమ్మంటూ ఉంటే, అందులోనూ వానాకాలంలో తడి నేల మీద నిలబడినప్పుడు ఎక్కువవుతుంటే, అది కరెంటు లీకు. ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. గీజరు, గ్రైండరు, వాషింగ్ మెషిన్ ఏదైనా అంతే. ఆ ఫ్రిజ్‌ను తాకకుండా మెయిన్ కట్టేసి ప్లగ్గు తీయించమనీ, ఎలక్ట్రీషియన్ చేత మూడో పిన్నునూ ఇంటి ఎర్తింగ్‌నూ పరీక్ష చేయించేదాకా మళ్ళీ పెట్టవద్దనీ ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.