‘నన్ను తీర్పు తీర్చకండి’ అనవచ్చా?

సందేహం: మా సంఘంలో యుద్ధబాధితుల కోసం ప్రార్థన పెట్టారు. ఒక అక్క ఒకవైపు పిల్లలనే తలుచుకుని కన్నీళ్లతో ప్రార్థించారు. ‘‘అవతలివైపు చచ్చిపోయిన పిల్లలు మీకు కనబడరా? మీదేం కనికరం?’’ అని ఒకాయన నిలదీశారు. ‘‘నన్ను తీర్పు తీర్చకండి బ్రదర్’’ అని ఆమె కూర్చుండిపోయారు. ఈ వాక్యం సరైనదేనా? ‘తీర్పు తీర్చు’ అనడం పునరుక్తి కాదా? తప్పును తప్పనకూడదనా దీని అర్థం?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: పునరుక్తి దోషం లేదు. ఆట ఆడు, పాట పాడు అన్నట్టే తీర్పు తీర్చు. నేర్చు–నేర్పు, ఓర్చు–ఓర్పు జంటల్లో చేరేదే తీర్చు–తీర్పు.

‘నన్ను’ మాత్రం తెలుగు వాడుక కాదు. ‘జడ్జ్ చేయకండి’ నీడలో వచ్చింది. ‘నాకు తీర్పు తీర్చకండి’ అనాలి, లేదా ‘నా గురించి’ అనాలి. ‘‘నాకు తీర్పు తీర్చుము’’ అని బైబిల్లో కీర్తనకారుడు దేవుణ్ణి వేడుకుంటాడు. అన్యాయం జరిగినవాడు అడిగి తెచ్చుకునేది తీర్పు. ఆ అక్క ఎవరినీ అడగలేదు. ‘‘పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?’’ అని రోమా పత్రిక 14వ అధ్యాయం కూడా అడుగుతుంది.

ఇక మూడో ప్రశ్న. బాకీ తీర్చడం, దాహం తీర్చడం, తగవు తీర్చడం: అన్నిటా ‘ఇక మిగల్లేదు’ అనే అర్థమే. తప్పు పట్టినా మాటకు చోటు మిగులుతుంది. తీర్పు తీర్చాక మిగలదు. ‘అలా చేయడం సబబు కాదు’ అంటే పని గురించి మాట్లాడినట్టు. ‘మీదేం కనికరం’ అంటే మనిషి లెక్క మూసేసినట్టు.

ఈ తేడా 1919లో లండన్‌లో కళ్లకు కట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో పోరు ఆగినా, శత్రుదేశాలకు సరుకులు చేరకుండా బ్రిటన్, దాని మిత్రదేశాలు పెట్టిన దిగ్బంధం పూర్తిగా ఎత్తేయలేదు. జర్మనీ, ఆస్ట్రియాల్లో పిల్లలు ఆకలితో అలమటిస్తున్నారు. ఎగ్లంటైన్ జెబ్ అనే క్రైస్తవ మహిళ, ఎముకలు తేలిన ఆస్ట్రియా పసిబిడ్డ ఫొటో వేసిన కరపత్రాలు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పంచారు. కొడుకుల్ని యుద్ధంలో పోగొట్టుకున్న ఇళ్లు ఊరూరా ఉన్న దేశమది. శత్రువు బిడ్డ మీద జాలేమిటని చాలామందికి మండిపోయింది. సెన్సార్ అనుమతి లేదని ఆమెను అరెస్టు చేశారు. కోర్టు 5 పౌండ్ల జరిమానా వేసింది. ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రాసిక్యూటర్ సర్ ఆర్చిబాల్డ్ బాడ్‌కిన్ ఆ 5 పౌండ్లూ తన జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టారు! కరపత్రం నేరమని వాదించిన మనిషే ఆమె కనికరం జోలికి పోలేదు. జెబ్, ఆమె చెల్లెలు డొరతీ కలిసి పిల్లల సహాయసంస్థ ‘సేవ్ ది చిల్డ్రన్’ స్థాపించింది ఆ ఏడాదే.

మీ సంఘంలోని ఆ అక్క ఇంట్లో తలుపేసుకుని ఇంకెవరి పిల్లల కోసం మోకరిస్తారో నిలదీసినాయనకు తెలియదు. నాకూ మీకూ తెలియదు. అవతలి పిల్లలు గుర్తుకు రావడం ఆయనలోని కనికరమే. దాన్నీ మనం శంకించకూడదు. లూకా 6వ అధ్యాయంలో ‘‘కనికరముగలవారై యుండుడి’’ అన్న వెంటనే ‘‘తీర్పు తీర్చకుడి’’ అని ఉంది. వరుసగా 36, 37 వచనాలు. ఒకసారి కలిపి చదవండి.

ఆయన అనదగిన మాట తెలుగులో సులువుగానే ఉంది: ‘‘అక్కా, అవతలి పిల్లల కోసం కూడా ప్రార్థిద్దాం, మీరే మొదలుపెట్టండి.’’