వేమవరం రాళ్ళకు వెళ్ళే ముందు

చి. సుహాసినికి పెదనాన్న ఆశీస్సులు.

ఒంగోలు ప్రాంతంలోని వేమవరంలో ఆకు శిలాజాలు (రాతిలో మిగిలిన ఆకుల అచ్చులు) ఏరి, ఆ రాతి వయసు కూడా నువ్వే తేలుస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల అంత పని తలకెత్తుకుందంటే ఎంత గర్వంగా ఉందో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

రోహిణి కార్తె ఎండల్లో వెళ్ళకు, సంక్రాంతి దాటాక వెళ్ళు. పొలం గలవాళ్ళను అడగందే సుత్తి ఎత్తొద్దు. రాయి కదిపే ముందు స్కేలు పెట్టి ఫొటో తీసి, జీపీఎస్ అంకెలు రాసుకుని, పైవైపు ఎటో తెలిసేలా బాణం గుర్తు పెట్టు. పలక చీలితే రెండు ముక్కలూ తెచ్చుకో, అచ్చు రెండింటి మీదా ఉంటుంది. షేల్‌ను, అంటే పలకలుగా చీలే ఆ మట్టిరాయిని, నీళ్ళతో కడగకు, చెదిరిపోతుంది. పొరలు బాగా కనిపిస్తాయని పాడుబడ్డ బావిలోకి దిగావో, నేను ఊరుకోను. గోడ కూలితే పైన ఎందరున్నా ఏమీ చేయలేరు తల్లీ.

ఆకులను కార్బన్-14 పరీక్షకు పంపుతానన్నావట. డబ్బు దండగ. ఆ కార్బన్ సగానికి తరగడానికి పట్టే కాలం, అంటే అర్ధాయువు, 5,730 ఏళ్ళు. 50 వేల ఏళ్ళు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. ఆ పొరలేమో డైనోసార్లు తిరిగిన తొలి క్రిటేషియస్ కాలానివి, 10 కోట్ల ఏళ్ళు దాటినవి. అయినా యంత్రం ఏదో ఒక అంకె ఇస్తుంది, నా భయమంతా దాని గురించే. జిగురు నుంచో, వేరు ముక్క నుంచో 1 శాతం కొత్త కార్బన్ చేరితే చాలు, 37 వేల ఏళ్ళని వస్తుంది.

అది కాదంటే యురేనియం-సీసం పద్ధతికి వెళతావు. చాలామంది బోల్తా పడేది అక్కడే, కాబట్టి నిదానంగా చదువు. జిర్కాన్ అనే గట్టి ఖనిజపు స్ఫటికం శిలాద్రవంలో పుట్టేటప్పుడు యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. తర్వాత అందులో చేరే సీసమంతా యురేనియం క్షీణించి వచ్చిందే. యురేనియం-238 అర్ధాయువు 446.8 కోట్ల ఏళ్ళు, 235ది 70.4 కోట్లు. రెండు గడియారాలూ ఒకే వయసు చెబితే రేణువును నమ్మొచ్చు.

అయితే అది చెప్పేది రేణువు పుట్టిన కాలం. షేల్, ఇసుకరాయి ఎక్కడెక్కడి కొండలో అరిగి కొట్టుకొచ్చిన మట్టితో, ఇసుకతో ఏర్పడినవి. పాత ఇటుకలతో కట్టిన కొత్త ఇంటికి ఇటుక వయసు అంటగడతామా? ఒంగోలు పక్క తూర్పు కనుమల రాళ్ళు సుమారు 160 కోట్ల ఏళ్ళ కిందట భూగర్భంలో తీవ్రమైన వేడికి మారినవి. అక్కడి రేణువు నీ నమూనాలో ఉంటే 160 కోట్లని చూపిస్తుంది. కొలత తప్పు కాదు, నువ్వు దాన్ని ఆకు వయసనుకుంటేనే తప్పు. అప్పటికి భూమ్మీద ఆకే లేదు.

కనుక నూరుకు పైగా రేణువులు కొలిపించు. అన్నిటికన్నా చిన్న వయసు రేణువు ఒక్కటే ఉంటే దాని మీద ఆధారపడకు. పగుళ్ళలోంచి సీసం కారిపోయినా వయసు తగ్గి కనిపిస్తుంది. కనీసం మూడు రేణువులు ఒకే వయసు దగ్గర కలవాలి. అప్పుడైనా రాయగలిగింది ఒక్కటే: పొర ఇంతకంటే పాతది కాదు. షేల్‌లో రేణువులు మరీ సన్నం, దాని కింది బూదవాడ ఇసుకరాయి కూడా రెండు మూడు కిలోలు తీసుకో. రేణువుల కోసం రాయి నలగ్గొట్టి జల్లించే జల్లెడను ప్రతిసారీ బ్రష్‌తో, నీళ్ళతో కడుగు. ముందు నలగ్గొట్టిన గ్రానైట్ రేణువు ఒక్కటి ఇరుక్కున్నా లెక్క పాడవుతుంది.

పొర ఏర్పడిన కాలం సూటిగా కావాలంటే మధ్యలో అగ్నిపర్వతపు బూడిద పొర ఉండాలి. బూడిదలోని జిర్కాన్ పేలుడు నాటిది, బూడిద పడ్డదీ అప్పుడే. అది లేకపోతే అమ్మోనైట్ల కోసం, అంటే చుట్ట తిరిగిన గవ్వల్లాంటి శిలాజాల కోసం వెతుకు. ఆ పొరల్లో ఇవి ఇంతకుముందు దొరికాయి. సముద్రంలో బతికిన ఆ జీవుల జాతులు త్వరత్వరగా మారిపోయేవి. బూడిద పొరలున్న వేరే చోట్ల అదే జాతి ఏ కాలానిదో తేలితే, ఇక్కడి పొరకూ కాలం దొరుకుతుంది. అందుకని ఆకుల మోజులో గవ్వలాంటి అచ్చులను పక్కన పారేయకమ్మా.

ల్యాబ్‌కు డబ్బు కట్టే ముందు నమూనాల పట్టిక నాకు పంపు. ఏ పొర నుంచి తీశావో రాయని రాళ్ళు అందులోంచి ముందే తీసేద్దాం.

నీ పెదనాన్న,
కందుకూరు