కాకినాడ కోర్టు కాదండి, ముందు ఆ 60 రోజులు చూడండి

ఐరాస సంస్థ మీ తమ్ముడి కాంట్రాక్టు పొడిగించలేదు, కాకినాడ లేబర్ కోర్టులో వేద్దామా అన్నారు. వద్దండి, 1947 నాటి ఐరాస ప్రత్యేక హక్కులు, రక్షణల చట్టం కింద ఐరాసకు మన కోర్టుల నుంచి రక్షణ ఉంది. డబ్ల్యూహెచ్‌వో అయితే ఐఎల్‌వో (అంతర్జాతీయ కార్మిక సంస్థ) ట్రిబ్యునల్; యునిసెఫ్, యూఎన్‌డీపీ (ఐరాస అభివృద్ధి కార్యక్రమం) అయితే ఐరాస వివాద ట్రిబ్యునల్.

ఈ రెండోదానికి, నిర్ణయం తెలిసిన 60 రోజుల్లో ‘మేనేజ్‌మెంట్ ఇవాల్యుయేషన్’, అంటే ఆ నిర్ణయాన్ని సంస్థే మళ్లీ పరిశీలించడం, రాతపూర్వకంగా కోరాలి. ఈ గడువును పొడిగించే అధికారం ట్రిబ్యునల్‌కు కూడా లేదు. చాలామంది మునిగేది ఇక్కడే: హెచ్‌ఆర్‌తో మెయిళ్లు నడుపుతూ కూర్చుంటారు. పాత నిర్ణయాన్నే మళ్లీ చెబితే లెక్క మొదటికి రాదు. ఇండియా ఆఫీసైతే జవాబుకు 45 రోజులు. జవాబు వచ్చాక, లేదా ఆ గడువు దాటాక, 90 రోజుల్లో కేసు వేయాలి.

పొడిగింపు హక్కు కాదు కాబట్టి పక్షపాతమో, రాతలో ఇచ్చిన హామీయో, అలాంటిదేదైనా చూపాలి. సిబ్బందికి ఐరాసలోనే న్యాయ సహాయ కార్యాలయం ఉంది. కన్సల్టెంటైతే మాత్రం ఈ దారి లేదు, ఆర్బిట్రేషనే (మధ్యవర్తి తీర్పు).